చిలక రాని రోజు ఇంగ్లీషు పాఠం

ఒకప్పుడు మా నందిగామ తాలూకాలో ఇంగ్లీషు భాష ట్రంకు పెట్టెలో కూర్చుని, బస్సు టాపు మీద ఊరూరా తిరిగేది. నమ్మకపోతే నా కుడి భుజం చూసుకోండి. ఎడమదాని కంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. ఇప్పటికీ చొక్కా కుట్టించుకోవడానికి వెళితే దర్జీ టేపు పట్టుకుని, "ఏమండీ, బస్తాలు మోసేవారా?" అని అడుగుతాడు. "కాదయ్యా, ఇంగ్లీషు మోసేవాణ్ణి" అంటాను. అతను మర్నాటి నించీ నాతో కొంచెం మెల్లిగా మాట్లాడతాడు.

సంగతేమిటంటే, అరవైల మొదట్లో ఇంగ్లీషు చెప్పడానికి కొత్త పద్ధతి ఒకటి వచ్చిపడింది. పాత పద్ధతి సుఖంగా ఉండేది. మాస్టారు ఇంగ్లీషు వాక్యం చదివేవారు, తెలుగులో అర్థం చెప్పేవారు, పిల్లలు రాగం తీసేవారు, ఇంతలో గంట కొట్టేవారు. కొత్త పద్ధతిలో క్లాసులో తెలుగు ముక్క వినపడకూడదు. మామిడిపండు అనాలంటే మామిడిపండు చూపించాలి. పడిపోయింది అనాలంటే ఏదో ఒకటి పడెయ్యాలి. దీన్ని 'సిట్యుయేషన్' అనేవారు. ఈ సిట్యుయేషన్లకి కావలసిన సామాను ప్రతి స్కూలూ సొంతంగా కూడబెట్టుకోవాలని పైనించి కాయితం వచ్చింది.

మా తాలూకా స్కూళ్ళన్నీ కలిసి ఒకే ఒక్క సెట్టు కూడబెట్టాయి.

ఆ సెట్టే ట్రంకు పెట్టె. అందులో మట్టి మామిడిపళ్ళూ, అట్ట గడియారమూ, ఒంటికాలి బొమ్మపిల్లా, నాలుగు గాజుగ్లాసులూ ఉండేవి. అన్నిటికీ మహారాజు కొండపల్లి కర్ర చిలక. ఇంగ్లీషు పాఠాలు చూడ్డానికి ఇన్‌స్పెక్టరుగారు రోజుకో ఊరు చొప్పున వచ్చేవారు. ఆయన కంటే ఒక బస్సు ముందు చిలక వచ్చేది. జగ్గయ్యపేటలో పాఠం అయ్యాక ఆయన హెడ్మాస్టరు గదిలో టీ తాగుతుంటే, చిలక వెనక గుమ్మంలోంచి బస్టాండుకి బయల్దేరేది. మర్నాడు పొద్దున ఆయన నందిగామలో దిగేసరికి బల్ల మీద కూర్చుని, పుట్టి బుద్ధెరిగి ఈ ఊరు దాటనట్టు మొహం పెట్టేది. అనుమానం రాకుండా ఒక్కో ఊళ్ళో దాన్ని ఒక్కో దిక్కుకి తిప్పి పెట్టేవాళ్ళం. బీయేలూ, బీయీడీలూ చదివిన పాతికమంది బుర్రలు ఒకచోట పెట్టి చేసిన ఏర్పాటు అది. ఏ ఒక్క బుర్రకీ అనుమానం రాలేదు.

నేనప్పుడు ఇరవై మూడేళ్ళ ఇంగ్లీషు మాస్టర్ని. బెజవాడలో కొద్ది వారాలు ఈ కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చి, రాజ్యం గెలిచి వచ్చినంత ధీమాగా ఉండేవాణ్ణి. ఒకరోజు మా హెడ్మాస్టరుగారు పిలిచి, "పెద్ద మాస్టారికి నువ్వే నేర్పాలోయ్" అన్నారు.

నా కాళ్ళ కింద నందిగామ కొంచెం కుంగింది.

పెద్ద మాస్టారంటే నాకు అదే స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు. నా అరచేతుల్లో ఆయన బెత్తం ఎక్కని గీత లేదు. ఆయన ఇంగ్లీషు ఎంతటిదంటే, ఆయన రాసిన సెలవు చీటీ చదవడానికి హెడ్మాస్టరుగారు డిక్షనరీ తెప్పించుకునేవారు. కానీ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో క్లాసులోకి బెత్తం, సుద్దముక్క తప్ప మూడో వస్తువు తీసుకెళ్ళి ఎరగరు. ఆయన పాఠం చూడ్డానికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. పాఠం కొత్త పద్ధతిలో లేకపోతే హైస్కూలు నించి తీసేసి, రెడ్డిగూడెం అవతల ఎక్కడో చిన్నబడికి బదిలీ చేస్తారని అందరూ అనుకుంటున్నారు.

రెడ్డిగూడెం మంచి ఊరే. మామిడితోటలకి పెట్టింది పేరు. చిక్కల్లా టీచరమ్మగారితో. అంటే మాస్టారి భార్యతో. ఆవిడ నందిగామ మిషన్ ఎలిమెంటరీ బళ్ళో టీచరు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఆవిడ కదలడానికి లేదు. మాస్టారు ఒక్కరూ వెళ్ళి బతకడానికి అసలే లేదు, ఎందుకంటే ఆయనకి పొయ్యి వెలిగించడం రాదు. రాదంటే మామూలుగా రాకపోవడం కాదు. టీచరమ్మగారు ఒకసారి పుట్టింటికి వెళితే, మాస్టారు మూడు పూటలు అటుకులు నానబోసుకుని, నాలుగో పూట నానబెట్టడం కూడా మానేశారట. ఆ సంగతి ఊరంతా తెలుసు. ఆదివారం చర్చిలో ఆవిడ హార్మోనీ వాయిస్తుంటే, పాడేవాళ్ళలో సగంమంది ఆయన వంక జాలిగా చూసేవారు.

అలా సాయంత్రాలు వాళ్ళ వరండాలో నేను ఆయనకి ట్యూషను మొదలెట్టాను. జనం ముందు నన్ను "మాస్టారండీ" అనేవారు. వరండాలో మాత్రం పాత పిలుపే.

"ఒరే, అడ్వెర్బంటే ఏవిట్రా?"

"క్రియా విశేషణం మాస్టారూ."

"ఎవరి పక్కన ఉండాలి?"

"క్రియ పక్కన."

"మరి వీడేం చేస్తున్నాడు?" అని పుస్తకం మీద వేలు పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు పంపిన పాఠం అది. ఎనిమిదో క్లాసుకి. ఓన్లీ, ఈవెన్, ఆల్మోస్ట్, క్వైట్ అనే నలుగురు అడ్వెర్బులు నామవాచకాల ముందు ఎలా నిలబడతారో పిల్లలకి చూపించాలి. "'ఓన్లీ ద ప్యారట్'ట. ఈ ఓన్లీగాడికి క్రియ అనే కాపురం ఉందా లేదా? దాన్నొదిలేసి ప్యారట్ ఇంటి గుమ్మంలో వీడికేం పని? నేను ముప్ఫై ఏళ్ళు క్రియా విశేషణాలకి నీతి నేర్పాను. ఇప్పుడు నా నోటితోనే వాణ్ణి పక్కింటికి పంపమంటావా?"

లోపల బియ్యం చెరుగుతున్న టీచరమ్మగారు చాట ఆపకుండానే అన్నారు: "మీరు మాత్రం? కాపురం ఇక్కడ పెట్టుకుని పొద్దుగూకులూ పోస్టాఫీసు అరుగు మీద కూర్చోవడం లేదూ? నేనేమన్నా అన్నానా?"

మాస్టారు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పరా, దానికేం తెలీదు" అన్నారు.

నేను నా బెజవాడ పాండిత్యం విప్పాను. "మాస్టారూ, కొందరు అడ్వెర్బులు అంతేనండి. నామవాచకం ఒంటరిగా ఉన్నా, వెనక బంధువుల్ని వేసుకుని గుంపుగా ఉన్నా, సరిగ్గా ఆ గుంపు ముందు నిలబడతారు. మనం 'చిలక మాత్రమే' అని వెనక తగిలిస్తాం. వాళ్ళు ముందు పెడతారు. మనది తోక, వాళ్ళది తలపాగా. ఎవరి నెత్తిన పెడితే వాడిదే పెత్తనం."

"ఏదీ, ఓ ఉదాహరణ చెప్పు."

నేను చిలక గురించి ఆలోచిస్తుండగా టీచరమ్మగారు అందుకున్నారు. "మాస్టర్ ఈట్స్ ఓన్లీ ద పికిల్. అంటే ఆయన పచ్చడి ఒక్కటే తింటారు, కూర మిగులుతుంది. ఓన్లీ మాస్టర్ ఈట్స్ ద పికిల్. అంటే ఆయనొక్కరే తింటారు, జాడీ ఖాళీ. మా ఇంట్లో రెండోది. ఈవెన్ అవర్ క్యాట్ కెన్ లైట్ ద స్టౌ. ఓన్లీ మాస్టర్ కెనాట్. చాలా నాయనా, ఇంకోటి కావాలా?"

బెజవాడలో నేను నేర్చుకున్నదంతా ఆవిడ అర చాటెడు బియ్యం చెరిగేలోగా చెప్పేశారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి అర్థమైంది. ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఒప్పుకున్నాక వచ్చింది అసలు గొడవ. ఆయన చిలక మీద ఇరవైయేడు వాక్యాలు తయారు చేసి, బట్టీ పట్టారు. ఓన్లీ ద ప్యారట్ ఈజ్ గ్రీన్. ఈవెన్ ద ప్యారట్ లైక్స్ మ్యాంగోస్. అలా. చిలక ఇంకా ఊళ్ళు తిరుగుతోంది కాబట్టి, అది వచ్చేదాకా వరండాలో ఇత్తడి చెంబుని బల్ల మీద పెట్టి సాధన చేసేవారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల కళ్ళలోకి చూసి గర్జించిన మనిషి, చెంబు వంక చూస్తూ, గొంతు పీలగా పెట్టి, ఒక్కో వాక్యానికీ ఒక్కో అడుగు వెనక్కి వేసేవారు. ఇరవైయేడో వాక్యానికి వరండా చివర మెట్ల మీద ఉండేవారు. చెంబు ఒక్కటే ప్రశాంతంగా ఉండేది.

"ఎలా ఉందిరా?"

"బాగుందండి" అన్నాను. నా అరచేతులు ఇంకా మర్చిపోలేదు.

టీచరమ్మగారు వచ్చి చెంబు లోపలికి తీసుకెళ్ళిపోయారు.

మా స్కూలు వంతు ముందు రోజు పెట్టె తేవడానికి నేనే జగ్గయ్యపేట వెళ్ళాను. అక్కడ పాఠం ముగిసింది. ఇన్‌స్పెక్టరుగారు టీ దగ్గర ఉండగా, పెట్టెని వెనక గుమ్మంలోంచి తెచ్చి, ఇద్దరం పట్టి బస్సు టాపు మీదకి ఎక్కించాం. పెట్టె పడగానే బస్సు ఒక పక్కకి ఒరిగిందని నేను ఎప్పుడూ చెబుతుంటాను, మీక్కూడా చెబుతున్నాను. దారి పొడుగునా మిరపబస్తాల ఘాటుకి తుమ్ముకుంటూ, మాస్టారి కాపురం నా నెత్తి మీద టాపులో ఉందన్న ఎరికతో, దేశాన్ని కాపాడే సిపాయిలా కూర్చున్నాను.

నందిగామలో బస్సు ఆగింది. టాపు మీంచి ముందు బస్తాలు దించాలి, తరవాత పెట్టె. క్లీనరు "ఉండండి సార్, టైం పడుద్ది" అన్నాడు. బస్టాండు ఎదురు హోటల్లో అప్పుడే పెనం మీద పెసరట్టు తిప్పారు. ఆ వాసన మునేరు అవతలి గట్టుదాకా వెళ్ళి వెనక్కి వచ్చి నా ముక్కులో దూరింది. ఒక్క అట్టు, నిలబడి తినేసి వచ్చేద్దామనుకున్నాను. అల్లప్పచ్చడి బాగుంది. రెండో అట్టు అందుకే.

బయటికి వచ్చేసరికి బస్టాండులో బస్తాలున్నాయి. బస్సు లేదు. కంచికచర్ల వైపు దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో, టాపు మీద, చిలక వెళ్ళిపోతోంది.

ఆ సాయంత్రం తరవాత బస్సు లేదు. కంచికచర్ల వెళ్ళే లారీలో ఎక్కి వెళితే, అక్కడ బస్టాండులో వాళ్ళు ఆ బస్సు బెజవాడ పోయిందన్నారు, పెట్టె సంగతి తెలీదన్నారు. మళ్ళీ ఇంకో లారీలో వచ్చి, దీపాలు పెట్టే వేళకి తిన్నగా మాస్టారింటికి వెళ్ళాను. మాస్టారు లోపల చొక్కాకి ఇస్త్రీ ఎలా ఉందో చూసుకుంటున్నారు. టీచరమ్మగారు వాకిట్లో ఉన్నారు. ఆవిడకి చెప్పాను. పెసరట్లు రెండని కూడా చెప్పాను. ఆవిడ దగ్గర అబద్ధం ఆడడం నందిగామలో ఎవరికీ అలవాటు లేదు. ఊళ్ళో సగంమందికి అఆలు దిద్దించింది ఆవిడే.

ఆవిడ ఒకసారి లోపలికి తొంగి చూశారు.

"ఆయనకి చెప్పకు" అన్నారు.

"అదేంటండీ? పొద్దున్న క్లాసులోకి వెళ్ళి చూస్తే..."

"చూడనీ. ఇప్పుడు చెబితే అన్నం తినరు, రేపు జ్వరమని సెలవు చీటీ రాస్తారు. ఆ చీటీ చదువుకునే లోపు బదిలీ కాయితం వచ్చేస్తుంది. పొద్దున పిల్లల ఎదురుగా నిలబడ్డాక ఇక వెనక్కి తిరిగే మనిషి కాదు ఆయన."

"చిలక లేకపోతే ఎలాగండీ?"

"చిలక ఉంటే మాత్రం ఏం చేసేవారు? చెంబుతో చూశావుగా" అన్నారు. అని, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళారు. ఆవిడ ధైర్యంగానే మాట్లాడారు గానీ, ఆ పూట ఆ ఇంట్లోంచి అన్నం మాడిన వాసన రావడం నేనెరిగి అదే మొదటిసారి.

మర్నాడు ఎనిమిదో క్లాసు గది పెళ్ళివారి విడిదిలా ఉంది. డాక్టరుగారింటి నించి అరువు తెచ్చిన కుర్చీలో ఇన్‌స్పెక్టరుగారు. పక్కన హెడ్మాస్టరుగారు. గోడవారన బెంచీల మీద పొరుగూళ్ళ నించి కూడా వచ్చిన మాస్టర్లు. మాస్టారు లోపలికి వచ్చారు. బల్ల వంక చూశారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద ఏమీ లేదు. నా వంక చూశారు. నేను పైకప్పులో పెంకులు లెక్కపెట్టడం మొదలెట్టాను. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

ఆయన బల్ల ముందు నిలబడ్డారు. చెయ్యి అలవాటుగా గాలిలో చిలక ఉండాల్సిన చోటికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. ఎవరో దగ్గారు. ఇన్‌స్పెక్టరుగారు నోటుబుక్కు తెరిచి పెన్ను మూత తీశారు. ఆ మూత తీసిన చప్పుడు నాకు రెడ్డిగూడెం బస్సు హారన్‌లా వినపడింది.

మాస్టారు పిల్లల వైపు తిరిగారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. నాకు ఆ తోయడం తెలుసు. బెత్తం తీసే ముందు అలాగే తోసేవారు.

"హూ హాజ్ ఎ వాచ్?" అని పాత గొంతుతో గర్జించారు.

నలభైమంది పిల్లలు తమ చేతులు చూసుకున్నారు. మాస్టర్లం మేమూ చూసుకున్నాం. ఇన్‌స్పెక్టరుగారు మర్యాదగా మణికట్టు ఎత్తారు.

"ఓన్లీ ద ఇన్‌స్పెక్టర్ హాజ్ ఎ వాచ్."

పిల్లలు పెంకులు కదిలేలా ఆ వాక్యం తిరిగి చెప్పారు. ఇక మాస్టారు ఆగలేదు. "హూ ఈజ్ వేరింగ్ షూస్?" మా స్కూల్లో అందరం చెప్పులు బయట విడిచి వస్తాం. పిల్లలకి విడవడానికి చెప్పులే లేవు. గదిలో బూట్లు ఒక్క జతే, నల్లగా మెరుస్తున్నాయి. నలభై జతల కళ్ళు వాటి మీద వాలాయి. ఓన్లీ ద ఇన్‌స్పెక్టర్. ఇన్‌స్పెక్టరుగారు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నారు. మాస్టారు హెడ్మాస్టరుగారి పాదాల వైపు చెయ్యి చూపించి, "ఈవెన్ ద హెడ్మాస్టర్ హాజ్ నో షూస్" అన్నారు. హెడ్మాస్టరుగారు పంచె కుచ్చిళ్ళు కిందికి దించుకున్నారు. వెనక బెంచీలో ఒకడు కునికిపాట్లు పడుతుంటే, "ఆల్మోస్ట్ ద హోల్ క్లాస్ ఈజ్ అవేక్" అని అన్నారు. వాడు లేచి కూర్చున్నాడు. కిటికీల దగ్గర మూగిన మిగతా క్లాసుల వాళ్ళని చూపించి, "దేర్ ఈజ్ క్వైట్ ఎ క్రౌడ్" అన్నారు. చిలక మీద పట్టిన ఇరవైయేడు వాక్యాల్లో ఒక్కటీ వాడలేదు. ఒక్క అడుగూ వెనక్కి వెయ్యలేదు.

"నౌ యూ" అన్నారు పిల్లలతో. "మీరు చెప్పండి" అని అర్థం. తెలుగు ముక్క వాడకుండా చేత్తోనే చూపించారు.

ముందు బెంచీలో నూనె పెట్టి రెండు జడలు వేసుకున్న ఆడపిల్ల లేచింది. గదంతా కలయచూసింది. ఇంగ్లీషు భాష మా తాలూకాలో అంత స్పష్టంగా, అంత తప్పుల్లేకుండా అంతకు ముందు ఎవరూ పలకలేదు.

"ఓన్లీ ద ఇన్‌స్పెక్టర్ హాజ్ నో హెయిర్."

ఆ మాటకి మునేరు నీళ్ళు ఆగిపోయి ఒకసారి మా వైపు చూశాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. హెడ్మాస్టరుగారి పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను. మాస్టారు మాత్రం ఆ పిల్లనే చూస్తున్నారు. ఆయన మొహంలో భయం లేదు. వాక్యం సరిగ్గా ఉంది కదా అన్న సంతోషం ఉంది. బదిలీ సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తు లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇన్‌స్పెక్టరుగారు మెల్లిగా తల మీద చెయ్యి వేసుకున్నారు. చెవుల పైన రెండు వైపులా కొద్దిగా మిగిలిన చోట తడుముకుని, చాలా గంభీరంగా, "నాట్ నో హెయిర్. ఆల్మోస్ట్ నో హెయిర్" అన్నారు. ఒక్క క్షణం ఆగి, ఆ పిల్లని చూసి, "ఈవెన్ మై ఫాదర్ హాడ్ నో హెయిర్" అన్నారు.

ముందు పిల్లలు నవ్వారు. తరవాత కిటికీలు నవ్వాయి. మేం, ఆయన నవ్వేదాకా ఆగి, అప్పుడు నవ్వాం.

టీ దగ్గర ఆయన కప్పు పక్కన పెట్టి, హెడ్మాస్టరుగార్ని అడిగారు. "అవునండీ, చిలక ఒంట్లో బాగాలేదా?"

హెడ్మాస్టరుగారు కలిసిపోయిన చక్కెరని మళ్ళీ కలపడం మొదలెట్టారు.

"నిన్న జగ్గయ్యపేటలో పలకరించిందే. అంతకు ముందు రోజు ఇంకో ఊళ్ళో. ఎడమ రెక్క దగ్గర రంగు పోయింది పాపం, ఊరూరా తిరిగి. ఎక్కడికెళ్ళినా చిలకే పాఠం చెబుతోంది, మాస్టర్లు పక్కన నిలబడుతున్నారు. ఇవాళే ఒక మాస్టార్ని చూశాను" అన్నారు. అని నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ, "ఈయన్ని ఇక్కణ్ణించి కదపకండి. కాకపోతే శనివారాలు ఒక్కో స్కూలుకీ పంపండి. పొద్దున వెళ్ళి, పాఠం చూపించి, సాయంత్రం బస్సుకి ఇల్లు చేరాలి" అన్నారు.

నేను మిషన్ బడికి పరిగెత్తాను. టీచరమ్మగారు ఒకటో క్లాసుకి గుణింతాలు చెబుతున్నారు. చెప్పాను. ఆవిడ పలక మీద "కి" కి గుడి సరిచేసి, "సాయంత్రానికి ఇల్లు చేరాలన్నారా? ఆయన నోటితోనే అన్నారా?" అని రెండుసార్లు అడిగారు. తరవాత నన్ను పొమ్మని, బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు. బోర్డు మీద ఏమీ రాయలేదు.

ఆ శనివారమే మొదటి ప్రయాణం, జగ్గయ్యపేటకి. మాస్టారికి తోడు నన్ను వెళ్ళమన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. చేతిలో ఏమీ లేదు, బెత్తం కూడా. టీచరమ్మగారు బస్టాండుకి వచ్చి, అన్నం క్యారియరు కిటికీలోంచి నాకిచ్చారు. బస్సు కదలబోతుంటే ఆయనకి వినపడకుండా వంగి అన్నారు:

"తిరిగొచ్చేటప్పుడు జాగ్రత్త నాయనా. ముందు ఆయన్ని దించు. తరవాత తిందువుగాని పెసరట్టు."